కుడి చెవి మాట

రెండు దెబ్బలు వేసి యాదగిరి ఆగాడు. ఇనుప పళ్ళున్న పంజాను పడుగు దారాల మీదనే వదిలేసి, అరచేత్తో రొమ్ము రాసుకున్నాడు. అదే పలక మీద పక్కనే కూర్చుని నేస్తున్న చిలుకమ్మ తల ఎత్తకుండానే అరిచింది.

"ఏమయ్యా, ఆగినవేంది? మళ్ళ గుంజుతాందా?"

ఆమె మామూలుగా మాట్లాడినా అది అరుపే. ఏళ్ళ తరబడి పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి వచ్చిన చెవులు ఆమెవి. ఇప్పుడు వాటి పక్కన పటాకులు కాల్చినా ఉలుకూ పలుకూ ఉండదు. తన గొంతు తనకే వినిపించదు గనక ఎంత గట్టిగా అంటున్నదో ఆమెకు తెలియదు. కాశిబుగ్గలో ఆ గల్లీ గల్లీకంతా వాళ్ళ ఇంటి గుట్టు కంఠతా వచ్చు. కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా మొగుడి కంటే ముందు పక్కింటివాళ్ళకు తెలుస్తుంది. మొగుడి పంజా ఆగితే మాత్రం ఆమెకు ఎవరూ చెప్పక్కరలేదు, కింద ఉన్న పలక చెబుతుంది.

యాదగిరి ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి మళ్ళీ పంజా అందుకున్నాడు.

వాళ్ళు నేసేది జంపఖానా. భజనలకూ సభలకూ నేల మీద పరుస్తారే, ఆ వెడల్పాటి నూలుబట్ట. ఒక్క మనిషి చేతులు ఈ అంచు నుంచి ఆ అంచుకు అందవు. అందుకని ఎడమ సగం చిలుకమ్మది, కుడి సగం యాదగిరిది. ఆయనకు కుడి పక్కన గోడ. అలసట వచ్చినప్పుడల్లా ఆ గోడకే తల ఆనించేవాడు. ఏళ్ళ తరబడి అలా ఆనించి ఆనించి అక్కడ సున్నం పోయి, తలంత నూనె మరక పడింది.

మనిషి సన్నం. ఎడమ భుజం కంటే కుడి భుజం కొంచెం కిందికి ఉంటుంది. వేళ్ళ కొసలు పగిలి, ఆ పగుళ్ళలో ఎర్రరంగు నిలిచిపోయింది. కనుబొమలలో ఎప్పుడూ దూది నలుసులే. దానివల్ల పాతికేళ్ళకే ముసలాడిలా కనిపించేవాడు. అరవై దాటాక ఇప్పుడు సరిగ్గా వయసుకు తగ్గట్టు ఉన్నాడు.

రేకుల కప్పులో వెలుతురు కోసం పెట్టిన గాజు పలకలోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఆ ఎండలో దూది పోగులు ఎటూ పోకుండా, కిందికి పడకుండా తేలుతున్నాయి. ఈ నెల రోజులుగా యాదగిరికి వాటిని చూస్తూ కూర్చోవడం అలవాటైంది. నేస్తున్నాడో నిద్రపోతున్నాడో ఆయనకే ఒక్కోసారి తెలియడం లేదు. డాక్టరు ఇచ్చిన గోలీల మత్తు అది. గోలీలు ఇస్తూ ఆ డాక్టరు మూడు మాటలు చెప్పాడు. బస్సులెక్కి తిరగొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, పాడనే పాడొద్దు. మొదటి రెండూ ఎలాగో మింగాడు గానీ మూడోది గొంతుకు అడ్డంపడింది.

చిలుకమ్మకు ఆ మాటలు వినిపించలేదు గానీ, డాక్టరు పెదాలు చూసి అర్థం చేసుకుంది. ఇంటికి రాగానే మొగుడి చిడతలు తీసి బియ్యం డబ్బా అడుగున పెట్టి మూత బిగించింది. మగ్గం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

పొద్దెక్కాక యాదగిరి చాయ్‌పత్తి కోసం గల్లీ మొగలో ఉన్న శ్యాంసుందర్ కిరాణా దుకాణానికి నడిచాడు. అక్కడ ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న ఒకావిడ ఆయనను చూసి గతుక్కుమంది.

"మా అత్తమ్మ మంచిగనే ఉన్నదే యాదగిరన్నా! పొద్దుగాల రెండు ఇడ్లీలు తిన్నది," అంది అడగకముందే.

"మంచిగనే ఉండనీ బిడ్డా. నేను చాయ్‌పత్తికి వచ్చిన."

ఆమె ఉల్లిగడ్డలు సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. యాదగిరి గుమ్మంలో కనబడ్డాడంటే ఆ ఇంట్లో ఎవరో ప్రయాణం కట్టారనే లెక్క. ప్రాణం పోయే మనిషి చెవిలో దేవుని మాట చెప్పి, తత్వం పాడేది ఆయనే. శ్యాంసుందర్ పొట్లం కడుతూ నవ్వాడు.

"అందరికీ టికెట్ కోసి బస్సెక్కిస్తవ్. రేపు నీకెవరు కోస్తరే యాదగిరన్నా? వదినెకు చెవుల్లేవాయె, నీకు పిల్లల్లేరాయె."

"ఫ్రీ బస్సు ఎక్కుత తియ్."

"అది ఆడోళ్ళకే, నీకు లేదు," అని, అన్నాక నాలుక కరుచుకుని, శ్యాంసుందర్ రెండు బెల్లం ముక్కలు ఊరికే చేతిలో పెట్టాడు.

యాదగిరి నవ్వుకుంటూనే వచ్చాడు. కానీ ఆ మాట ఆయనతో పాటు ఇంటిదాకా నడిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆయనకు చావంటే భయం లేదు. ఎన్నో చావులు చూసిన మనిషికి అదీ ఒక పొరుగూరే. ఆ ఒక్క మాట చెవిన పడకుండా పోతానేమోనన్నదే ఆయన భయం. చిలుకమ్మకు ఆ మాట ఎన్నడూ రాదు. ఆయన ఎవరి చెవిలో చెప్పినా ఆమె దగ్గర లేదు, ఇప్పుడు నేర్పుదామన్నా వినలేదు.

ఆ మాట ఆయనకు వెంకట్రాజం ఇచ్చింది. వెంకట్రాజం అదే గల్లీలో ఉండే ముసలి నేతగాడు, భజన మండలి పెద్ద. కాశిబుగ్గ చుట్టుపక్కల ఎవరు మంచాన పడ్డా ఆయనే వెళ్ళేవాడు. ఒక వానాకాలం ఆయనకే జ్వరం వచ్చింది. ఆ రోజే ఎవరో పిలవడానికి వచ్చారు. వెంకట్రాజం దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, పరామర్శకు వచ్చి కూర్చున్న యాదగిరిని చూపించాడు.

"గీ పోరడు వస్తడు, తోల్కపోండ్రి."

"నాకేం వచ్చు మామా? నేను చదువుకోలే, పూజారిని గాదు," అన్నాడు యాదగిరి బిక్కచచ్చిపోయి.

"నీకు నోరున్నది, వాళ్ళకు చెవులున్నయి. ఇంకేం గావాలె? ఇను. పిలిస్తే పో. ఎవలు, ఏంది అని అడుగకు. ఆ ఇంట్ల మంచినీళ్ళు గూడ ముట్టకు. మాట కుడి చెవిల చెప్పు. గంతే."

ఆ మాటేమిటో చెప్పి పంపాడు. యాదగిరి వెళ్ళాడు. అది గోడకు చేరేసిన మంచం. ఆ మనిషి కుడి చెవి గోడవైపే ఉంది. చుట్టూ ఏడుస్తున్న జనం. మంచం జరపమనే ధైర్యం లేక ఆ కుర్రవాడు ఎడమ చెవిలోనే చెప్పేశాడు. పోయే మనిషి కళ్ళు తెరిచి ఆయన్ని చూసి, చల్లగా మూసుకున్నాడు. యాదగిరి మాత్రం దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చి వెంకట్రాజం కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయింది మామా, ఎడమ చెవిల చెప్పిన! ఆయన యాడికి పోయిండో ఏమో!"

వెంకట్రాజం జ్వరంలో కూడా మంచం కిర్రుమనేలా నవ్వాడు. "దేవునికి కుడెడమలున్నయా పిచ్చోడా! ఏ చెవైతేంది? నడుమ ఉన్న మనిషి ఒక్కడే గద!"

ఈ సంగతి తర్వాత చిలుకమ్మకు చెప్పి నవ్వించేవాడు. అప్పటికామెకు చెవులు బాగానే ఉండేవి. కోపం వచ్చినప్పుడల్లా "కుడీ ఎడమా తెల్వని మనిషివి" అనే తిట్టు అక్కడినుంచే పుట్టింది.

ఇక అప్పటినుంచి పిలుపులే పిలుపులు. సావుకారు మేడకు పోయాడు. హసన్‌పర్తి చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ళ గుడిసెకు పోయాడు. ఎద్దుల బండి మీద పోయాడు, లారీలో మిరపకాయ బస్తాల నడుమ కూర్చుని పోయాడు. అందరికీ అదే మాట, అదే గొంతు. వచ్చి తలమీద నీళ్ళు పోసుకుని మగ్గం ఎక్కేవాడు. చేస్తున్నది గొప్పపని అని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. నూలు తెగితే ముడి వేస్తాం కదా, ఇదీ అలాంటిదే అనుకునేవాడు.

ఈ నెలలో మాత్రం పిలుపులన్నీ చిలుకమ్మ దగ్గరే ఆగిపోయాయి. ఫోను తెర వెలిగితే చాలు, ఆమె లాక్కుని, "ఆయనకు పానం బాగలేదు, రాడు!" అని కేకవేసి పెట్టేసేది. అవతలివాళ్ళు ఎంత బతిమాలినా ఆమెకు వినిపించదు గదా. పిలుపులకు అంతకంటే గట్టి కావలి ఎక్కడ దొరుకుతుంది! యాదగిరి పక్కన కూర్చుని ఆమెకు వినిపించని ఆ బతిమాలడాలన్నీ వినేవాడు. వాళ్ళంతా ఏ మాటా లేకుండా పోయి ఉంటారని తలచుకుంటే అన్నం దిగేది కాదు.

మధ్యాహ్నం తిన్నాక కునుకు పట్టింది. గోడ మీది మరకకు తల ఆనించి కళ్ళు మూస్తే వెంకట్రాజం కనిపించాడు. పడుగు దారాల మీద, నీళ్ళ మీద కూర్చున్నట్టు హాయిగా కూర్చుని ఉన్నాడు. ఆయన కనుబొమల్లోనూ దూదే. "పిలుస్తాన్రు, ఇనబడ్తలేదా?" అన్నాడు. యాదగిరి కళ్ళు తెరిచాడు. పక్కనే జంపఖానా మీద ఫోను వెలుగుతోంది. చిలుకమ్మ పెరట్లో బిందెకు నీళ్ళు పడుతోంది. ఆమె వీపు ఇటువైపు ఉంది.

యాదగిరి ఫోను ఎత్తాడు.

"యాదగిరి కాకా, నేను రఘునాథపల్లి సుకన్యను. మొగిలమ్మ కోడలిని. నిన్నటిసంది మా అత్తకు జర కూడ బాగలేదు. దవాఖానకు అంటే రాదు. యాదగిరిని పిలువుండ్రి, యాదగిరిని పిలువుండ్రి అని ఒక్కటే పాట. నువ్వు రావాలె కాకా."

మొగిలమ్మ ఆయనకు గుర్తుంది. చాలా ఏళ్ళ కింద ఆమె పెనిమిటి పోయేటప్పుడు వెళ్ళాడు. అందరూ ఏడుస్తుంటే ఆమె ఒక్కతే ఏడవకుండా మంచం కాళ్ళ దగ్గర కూర్చుని, యాదగిరి చెప్పే ప్రతి మాటకూ పెదాలు కదిపింది. వస్తుంటే, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. నాకు గూడ నువ్వే చెప్పాలె," అంది. చెబుతానని మాట ఇచ్చాడు.

"నేను రాలేను బిడ్డా. బస్సెక్కద్దన్నరు."

అవతల సుకన్య ఏడుపు వినిపించింది. యాదగిరి పెరటివైపు చూశాడు. బిందె నిండవచ్చింది. గుండెలో ఎవరో దారం పట్టి నెమ్మదిగా లాగుతున్నారు. గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు. ఈ గొంతు ఇంక ఒక్కసారికే సరిపోతుందేమోనని ఆయనకు అనిపించింది. ఆ ఒక్కసారి దాచుకుని ఏం చెయ్యాలి? మగ్గానికి కట్టుకుంటానా? పిలిస్తే పొమ్మన్నాడు వెంకట్రాజం. కాళ్ళతోనే పొమ్మనలేదు.

"ఫోను ఆమె చెవి కాడ పెట్టు సుకన్యా. కుడి చెవి కాడ."

కాసేపు గరగర. తర్వాత ఊపిరి చప్పుడు. తర్వాత, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ముసలి గొంతు.

"ఎవలు? యాదగిరేనా? ఫోన్లకెల్లి చెప్తవా? దేవునికి గీ సిగ్నల్ అందుతదా?"

"నీకు అందుతాంది గద అవ్వా. సాలు."

"అట్లయితే చెప్పు. ఇంటాన."

నీళ్ళ బిందె దింపి లోపలికి వచ్చిన చిలుకమ్మ చెవి దగ్గర ఫోను పెట్టుకున్న మొగుణ్ణి చూసి నిప్పు తొక్కినట్టు ఎగిరింది. "పెట్టెయ్! మగ్గం మీద ఒట్టేసినవ్, యాదికి లేదా!" అని అరిచింది. గల్లీలో ఎవరో నవ్వారు. యాదగిరి ఫోను దించలేదు. కుడి చెవికి చూపుడువేలు ఆనించి చూపించాడు. అది వాళ్ళిద్దరికే తెలిసిన సైగ. ఎవరో పోతున్నారు, నేను పోవాలి అని. ఆమెకు చెవులు పోయిన దగ్గరినుంచీ దానితోనే చెప్పి వెళ్ళేవాడు. ఆ సైగ చూశాక ఆమె ఒక్కనాడూ అడ్డం రాలేదు. ఇప్పుడూ రాలేకపోయింది. కళ్ళ నిండా నీళ్ళతో వచ్చి, తన సగంలో కూర్చుని పంజా అందుకుంది.

యాదగిరి చెప్పడం మొదలుపెట్టాడు.

"భయపడకు. నువ్వు కొత్త జాగకు పోతలేవు, వచ్చిన కాడికే పోతున్నవ్. ఇల్లు ఇడిసిపెట్టు. ఒళ్ళు ఇడిసిపెట్టు. నేసిన బట్ట మగ్గం మీదనే ఉండదు. నేయించినాయన వచ్చి నిలవడ్డడు. ఆయన పేరు నారాయణ. పిలువు."

"నారాయణా," అంది మొగిలమ్మ బుద్ధిగా.

తర్వాత పాట. చిడతలు బియ్యం డబ్బాలో ఉన్నాయి గనక ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, కుడి చేత్తో పంజాను పడుగు మీద మెల్లగా ఆడిస్తూ తాళం వేసుకున్నాడు. గొంతు సన్నగా లేచింది. వచ్చినప్పుడు మూట లేదు, పోయేటప్పుడు మూట ఎందుకన్న తత్వం అది. చిలుకమ్మ నేస్తున్నదల్లా ఆగింది. కింద పలక కదులుతోంది. నేత దెబ్బ కాదది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళీ రెండు పొడుగు. చెవులు పోకముందు, పెళ్ళయిన కొత్తలో, గుమ్మంలో కూర్చుని ఆమె రోజూ విన్న పాట తాళం. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమెకు మొగుడి పాట వినిపించింది. ఆమె రెండు అరచేతులూ పలకకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ పాటంతా తాగింది. పాడొద్దన్న సంగతే మరిచిపోయింది.

యాదగిరికి ఇప్పుడు నొప్పి లేదు. గాజు పలకలోంచి వచ్చే ఎండ చాలా దగ్గరగా ఉంది. తేలుతున్న దూది పోగుల్లో తనూ ఒకటైనట్టుంది, పడకుండా, పోకుండా. పాటలో తర్వాతి మాట ఏమిటో గుర్తు రాలేదు. గుర్తు రాకపోయినా ఫరవాలేదనిపించింది. పంజా చేతిలోంచి జారింది. ఫోను ఒళ్ళో పడి జంపఖానా మీదికి జారింది. తల గోడ మీది పాత మరకను వెతుక్కుని అక్కడ ఆనింది.

పలక ఊరుకుంది. చిలుకమ్మ కళ్ళు తెరిచింది.

"ఏమయ్యా! ఏమయ్యో! ఇటు సూడు! ఓ శ్యాంసుందరూ, ఎవలన్న రాండ్రి!" ఆమె అరిచింది. భుజం పట్టి ఊపింది. మళ్ళీ అరిచింది. గల్లీలో వాళ్ళు ఆ అరుపు విన్నారు. చిలుకమ్మ కదా, మొగుడితో మాట్లాడుతోందనుకున్నారు. ఎవరూ రాలేదు.

యాదగిరి రెప్పలు ఇంకా కొద్దికొద్దిగా కదులుతున్నాయి. ఇలాంటప్పుడు ఏదో చెప్పాలి. అది ఆమెకు తెలుసు. మొగుడు ఊరందరికీ చెప్పింది అదే. కానీ ఏం చెప్పాలో తెలియదు. ఒక్క ముక్క కూడా రాదు. అందరికీ ఉన్న మాట నా మొగుడికి లేకపాయెనా అని ఆమె చుట్టూ చూసింది. అప్పుడు జంపఖానా మీద వెలుగుతున్న ఫోను కనిపించింది. తెర మీద అంకెలు నడుస్తున్నాయి. అంటే అవతల మనిషి ఉంది. ఎవరో, ఏం మాట్లాడుతోందో, అసలు మాట్లాడుతోందో లేదో. పోతున్న మనిషే అయినా, ఆ మనిషి చెవిలో ఇప్పుడే మాట పడింది, తిరిగి చెప్పగలదు.

చిలుకమ్మ ఫోను తీసింది. కుడి చెవి గోడకు ఆనుకుని ఉంది. తల తిప్పబోయి, మొగుడు నవ్వుతూ చెప్పిన ఆ పాత సంగతి గుర్తొచ్చి ఆగింది. "ఏ చెవైతేంది," అని ఫోను ఎడమ చెవికి పెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆమెకు వినిపించలేదు గానీ, ఫోన్లో మొగిలమ్మ చెబుతూనే ఉంది. పాట ఆగినప్పుడే ఆమెకు అర్థమైంది. పెనిమిటి ఊపిరి అలాగే తెగడం ఆమె మంచం కాళ్ళ దగ్గర కూర్చుని విన్నది. పడుకున్న మనిషి కోడలి చెయ్యి పట్టుకుని లేచి కూర్చుంది. తడబాటు లేదు, దగ్గు లేదు.

"యాదగిరీ, భయపడకు బిడ్డా. నువ్వు కొత్త జాగకు పోతలేవు, వచ్చిన కాడికే పోతున్నవ్. ఇల్లు ఇడిసిపెట్టు. చిలుకమ్మను మేం సూసుకుంటం, ఫికర్ చెయ్యకు. ఒళ్ళు ఇడిసిపెట్టు. నేసిన బట్ట మగ్గం మీదనే ఉండదు గద, నువ్వే చెప్పినవ్. నేయించినాయన వచ్చి నిలవడ్డడు. పేరు నీకెరుకే. పిలువు."

యాదగిరి పెదాలు కదిలాయి. చిలుకమ్మ పెదాలు చూసి మాట పోల్చగలదు. ఆ మాట పోల్చుకుంది. జీవితంలో మొదటిసారి తనూ ఆ పేరును, తనకే వినిపించని గొంతుతో, నెమ్మదిగా పలికింది. అది మాత్రం గల్లీలో ఎవరికీ వినిపించలేదు. ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. పలక లాగే అదీ ఊరుకుంది.

తర్వాత ఆమె ఫోను పక్కన పెట్టి, ఆయన కనుబొమల్లోంచి దూది నలుసులు ఒక్కొక్కటీ తీసి, మనుషులను పిలవడానికి వీధిలోకి నడిచింది. ఇంట్లో ఇక వినేవాళ్ళెవరూ లేరు. సగం నేసిన జంపఖానా మీద, కుడి సగంలో, పంజా పక్కన ఫోను వెలుగుతూనే ఉంది. అందులోంచి ఒక ముసలి గొంతు చెప్పిందే చెబుతూ ఉంది.